కౌలంటే మాట

"మీ అసలూరు ఏదండీ?"

తెలుగునేల మీద ముస్లిములుగా పుట్టిన మాకు ఈ ప్రశ్న కొత్త కాదు. పేరు చెప్పగానే వస్తుంది. దమ్మపేట అంటాం. అడిగినాయన కాసేపు ఆగి, "అది కాదండీ, అసలూరు?" అంటాడు. మా తాతల దాకా తవ్వినా ఆయనకు తృప్తి ఉండదు. ఎక్కడో ఇసుకలో ఒంటెల పక్కన మా ఊరుండాలి ఆయన లెక్కలో. ఆ వెంటనే ఒక మెచ్చుకోలు. "తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారు!" మా అమ్మభాషల్లో ఒకటి మేం మాట్లాడితే మెచ్చుకోవడమేమిటో!

ఆ ప్రశ్నలో ఉన్న 'అసలు' అనే మాటే మా ఇంటిది. అరబ్బీలో 'అస్ల్' అంటే వేరు, మూలం. రెండు భాషల మధ్య బతికే పత్రికోళ్లం కాబట్టి మాటల వెంట పడటం మాకో జబ్బు. రైతు అన్నది 'రఅయ్యత్'. హక్కు అన్నది 'హఖ్'. హద్దు అన్నది 'హద్'. ఖరీఫ్ అంటే అరబ్బీలో ఆకురాలు కాలం, రబీ అంటే వసంతం. ఏరువాక నుంచి కోతల దాకా రైతు పని తెలుగులో నడుస్తుంది. ఆ పనికి కాగితం కావాల్సి వస్తే మాత్రం ఉర్దూ మొదలవుతుంది. పట్టా, పహాణీ, ఖస్రా, సేత్వార్, జమాబందీ, విరాసత్. చివరికి చనిపోయినవాడి భూమి కొడుకు పేరున మారాలన్నా 'ఫౌతీ' చేయించుకోవాలి.

ఈ మాటలన్నీ మావేనని మురిసిపోతున్నామనుకునేరు. అవి ఊళ్లోకి ప్రేమతో రాలేదు. శిస్తు వసూలుకి వచ్చాయి. ఆ మాటలు పలికే దర్పం కొద్దిమంది చేతుల్లో ఉండేది. మా బోటి సాయిబులకి ఆ మాటలు మిగిలాయి గానీ భూమి ఏనాడూ లేదు. పాలించిన జాతి అని మమ్మల్ని వేలెత్తి చూపేవాళ్లు ఒక్కసారి దమ్మపేట పాస్‌బుక్కులు తిరగేస్తే బాగుండును.

సత్తుపల్లి దాటి తూర్పుకి వస్తే ఎర్రనేలలు, వాగులు, మామిడితోటలు, మధ్యమధ్యలో అడవి తునకలు కనిపిస్తాయి. అదే మా సీమ. ఒక పక్క అశ్వారావుపేట. ఇంకో పక్క ములకలపల్లి, అది దాటితే పాల్వంచ, ఆపైన గోదావరి, గోదావరి దాటితే భద్రాచలం. దక్షిణంగా కాస్త దూరం పోతే ఆంధ్ర హద్దు. మా ఊరు కదలకుండా ఉన్నచోటనే ఉండి మూడు జిల్లాలు మారింది. 1953 దాకా వరంగల్లు, తర్వాత ఖమ్మం, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం. రాష్ట్రాలూ అంతే. మా దాదా నిజాం రాజ్యంలో ఉన్నాడు, అబ్బా ఆంధ్రప్రదేశ్‌లో వయసంతా గడిపాడు, మా పిల్లలు తెలంగాణ పాఠం చదువుతున్నారు.

ఈ హద్దులు గీసినవాళ్లకు వాగులతో పనిలేదు. 2014లో పోలవరం కోసం కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను ఆంధ్రలో కలిపారు. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు కట్ట తెగింది. కట్ట తెలంగాణలో ఉంది. నీళ్లు పోయి వేలేరుపాడు ఊళ్ల మీద పడ్డాయి. ఆ ఊళ్లల్లో మా చుట్టాలున్నారు. నీళ్లను మీ అసలూరు ఏదని ఎవరూ అడగలేదు!

మరి దమ్మపేటలో ఎవరి అసలూరు ఏది? ఈ లెక్క ఒక్కటి తీస్తే చాలామంది నోళ్లు మూతపడతాయి. కోయలున్నారు. ఈ అడవి, ఈ వాగులు వాళ్లవి. వాళ్లతో పాటు నాయకపోడులు. పూసుకుంటలో కొండరెడ్లు. ఈ ముగ్గురిని పక్కన పెడితే తక్కిన అందరం ఎక్కణ్ణించో వచ్చినవాళ్లమే. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి ఎడ్లబండ్ల మీద, తర్వాత లారీల మీద దిగిన రైతులు పొగాకు, మామిడి, జీడిమామిడి తోటలు వేశారు. లంబాడాలను తెలంగాణలో షెడ్యూల్డు తెగల్లో చేర్చింది 1976లో. ఆ తర్వాత వాళ్లూ ఏజెన్సీలో భూమి వెతుక్కుంటూ వచ్చారు. కోమట్లు దుకాణాలు పెట్టారు. వీళ్లెవరినీ అసలూరు అడగరు. మమ్మల్ని అడుగుతారు. మా మండలంలో పట్వారిగూడెం అని ఒక ఊరుంది. పట్వారి సర్కారు మాట, గూడెం అడవి మాట. రెండూ కలిసి ఒకే పేరులో కాపురం చేస్తున్నాయి. మా సంగతీ అదే.

మేం ఎట్లా వచ్చాం? కొత్తగూడెంలో బొగ్గుబావులు తవ్వడం మొదలయ్యాక బావుల్లో దన్నుపెట్టడానికి కర్ర కావాల్సి వచ్చింది. అడవిలో కూపులు పాడేవాళ్లు. ఒక కూపు కంట్రాక్టరు దగ్గర మున్షీగా మా దాదా ఈ వైపు వచ్చాడు. దుంగలు కొలిచి, లెక్క రాసి, బండ్లకి చిట్టీ ఇవ్వడం ఆయన పని. కొందరు జంగ్లాత్ చౌకీదార్లుగా, ఇంకొందరు కచేరీల్లో చప్రాసీలుగా వచ్చారు. దూదేకులోళ్లు పత్తి ఏకుతూ, గాజులోళ్లు మలారం భుజాన వేసుకుని, బట్టల మూట సైకిలు మీద కట్టుకున్నోళ్లు ఊరూరా తిరుగుతూ ఇక్కడే ఆగిపోయారు. ఇప్పుడు మావాళ్లు పంక్చర్లు వేస్తారు, కటింగు చేస్తారు, ఆటోలు తోలుతారు, మటన్ కొడతారు, వేసవిలో తోటలు గుత్తకు పడతారు. ఊరికి నాలుగైదిళ్లు. పెద్ద ఊళ్లో ఒక మసీదు.

ఊళ్లో వరసలు ఇంకోరకం. మా అమ్మీని పక్కింటి కాపు పిల్లలు 'అత్తా' అనేవాళ్లు. మేం వాళ్ల నాయనని 'మామా' అన్నాం. కోయ పెద్దమనుషులను అబ్బా 'దొరా' అని పిలిచేవాడు, వాళ్లు అబ్బాని 'సాయిబూ' అనేవాళ్లు. ఏజెన్సీలో అందరూ కోయలను దొర అనే పిలుస్తారు. దొరా అని పిలుస్తూనే ఆ దొర భూమి ఒక్కొక్క ఎకరమే తీసేసుకున్నారు. ఇంత మర్యాదగా దోచుకోవడం మరెక్కడైనా ఉందేమో మాకు తెలియదు.

పీర్ల పండుగకు గూడేల నుంచి డోళ్లతో వచ్చేవాళ్లు. అలావా గుంట చుట్టూ ఆడేవాళ్లలో మావాళ్లకంటే వాళ్లే ఎక్కువ. పీరును ఎత్తుకునేది కూడా ఒక కాపాయన. మేం డిగ్రీకి వచ్చేనాటికి పరిస్థితి మారింది. బయటినుంచి వచ్చిన జమాతులవాళ్లు పీర్లు షిర్క్ అన్నారు. అటు కొత్తగా లేచిన యువజన సంఘాలు మన దేవుళ్లుండగా తురకల పీర్లెందుకన్నాయి. రెండు వైపులా ఒకే మాట. మధ్యలో గూడెం డోళ్లు ఆగిపోయాయి. పీరుని మాత్రం కాపాయన ఇప్పటికీ తన ఇంటి అటక మీద గుడ్డలో చుట్టి ఉంచాడు.

రజాకార్ అన్న మాట ఒకటి ఉంది. కొట్లాట చిన్నదైనా పెద్దదైనా అది మా మీదికి విసరడం సులువు. దానికి జవాబుగా షోయబుల్లాఖాన్ పేరు చెప్పడం మాకూ అలవాటైంది. 'ఇమ్రోజ్' పత్రిక నడిపి, నిజాం రాజ్యం భారతదేశంలో కలవాలని రాసి, 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో చచ్చిపోయిన పాత్రికేయుడు ఆయన. నిజమే. కానీ ప్రతిసారీ ఒక మంచి ముస్లిం పేరు జేబులోంచి తీసి చూపించాల్సిన అగత్యం మాకెందుకుండాలి? 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం వచ్చినప్పుడు చేతులు మారి మారి నలిగిన కాపీ ఒకటి మా దాకా వచ్చింది. ఇన్నాళ్లూ నోట్లోనే నమిలిన మాటలు అచ్చులో చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. అయితే దమ్మపేట నుంచి చూస్తే ఇంకో సంగతి కూడా కనపడుతుంది. దాన్ని చెప్పడమే ఇక్కడ మా పని.

మమ్మల్ని పరాయోళ్లుగా చూసేవాళ్లున్నారు, సరే. మమ్మల్ని పరాయోళ్లుగా చూడటానికి న్యాయమైన కారణం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు కోయలు.

కోయ పిల్లలు మారాం చేస్తే 'జంగ్లాతోడొస్తుండు' అని బెదిరించేవాళ్లట. ఆ జంగ్లాతోడి నెత్తిన టోపీ, నోట్లో ఉర్దూ. పోడు కొట్టినందుకు, కట్టె తెచ్చినందుకు, పశువు మేసినందుకు వాడికి కోడో మేకో ఇచ్చుకోవాలి. దాన్ని మామూలు అనేవాళ్లు. మామూలు కూడా మా మాటే. అడవిశాఖ జులుం మీద తిరగబడి 1940లో జోడెఘాట్‌లో కొమురం భీము ప్రాణమిచ్చాడు. ఆయన పేరుతో నిలిచిన నినాదం 'జల్, జంగల్, జమీన్'. ఆ జమీన్ కూడా మా మాటేనని తెలిసినప్పుడు గర్వమూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. జులుం చేసిన భాషలోనే ఎదురు తిరిగాడు ఆయన.

భద్రాచలం కథలో కూడా ముగ్గురున్నారు. పుట్టలో రాముణ్ణి కనుక్కున్న పోకల దమ్మక్క అడవి మనిషి. గుడి కట్టించిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. జైల్లో పెట్టి, తర్వాత వదిలిన తానీషా గోల్కొండ పాదుషా. శ్రీరామనవమికి సర్కారు ముత్యాల తలంబ్రాలు పంపడం తానీషా నాటి ఆనవాయితీ అని ఏటా చెబుతారు. మతసామరస్యం గురించి ఉపన్యాసం ఇవ్వాల్సి వస్తే మేమూ ఆ కథే చెబుతాం, చప్పట్లు పడతాయి. కానీ గోపన్న గుడికి ఖర్చుపెట్టిన శిస్తు ఎవరిది? తానీషా అడిగింది తన ఖజానాకి రావాల్సిన సొమ్ము. గోపన్న వాడింది దేవుడి గుడికి. ఆ సొమ్ము పుట్టిన పరగణా పొలాలలోని మనిషి ఈ కథలో ఎక్కడా కనపడడు. తహసీల్దారు భక్తుడయ్యాడు, పాదుషాకి దేవుడి దర్శనం అయింది, దమ్మక్క ఒక పేరుగా మిగిలింది.

ఇక కౌలు సంగతి. ఈ మాటకీ మూలం అరబ్బీయే. 'ఖౌల్' అంటే మాట, ఇచ్చిన మాట. దక్కనులో పాలకుడు రైతుకి ఇంత శిస్తుకి ఇంత భూమి దున్నుకో అని మాటిచ్చి రాసిస్తే అది కౌల్‌నామా. దమ్మపేట ఏజెన్సీలో కౌలు మళ్లీ వట్టి మాటే అయింది. ఎందుకంటే రాయడానికి వీల్లేదు. 1959 భూబదలాయింపు నిబంధనలను తెలంగాణకు 1963లో వర్తింపజేశారు. 1970లో ఒకటవ నంబరు సవరణ వచ్చింది. అందుకే వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనకూడదు, ఇంకో గిరిజనేతరుడికి అమ్మకూడదు. అమ్మకమే కాదు, తాకట్టు, దానం, కౌలు కూడా బదలాయింపు కిందికే వస్తాయి. ఇంకా గట్టి మాట ఒకటుంది అందులో. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఏదైనా గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది గిరిజనేతరుడే.

మా ఇల్లు కూడా తెల్లకాగితం మీద కొన్నదే. సాదాబైనామా. గోడలు మావి, రిజిస్ట్రీ లేదు, అమ్ముదామంటే వీలు లేదు. ఏజెన్సీలో గిరిజనేతరుల సభలు జరిగితే వన్ ఆఫ్ సెవెంటీ రద్దు చేయాలని తీర్మానాలు చేస్తారు. పేద ముస్లిములను ముందు వరసలో కూచోబెడతారు. చూడండి, ఈ సాయిబుల గుడిసెలకి కూడా పట్టా లేదు అని. వెనక వరసల్లో కూచున్నవాళ్లకి వందల ఎకరాల తోటలుంటాయి. మా గుడిసెని అడ్డం పెట్టుకుని వాళ్ల తోటలను కాపాడుకోవడం ఆ సభల రహస్యం. మేం ఆ సభలకు విలేకరులుగా పోయాం, కుర్చీల్లో కూచోలేదు.

అబ్బా మామిడితోటలు గుత్తకు పట్టేవాడు. పూత మీద బేరం. సంక్రాంతి పోయినాక పూత చూసి, ఎన్ని టన్నులు దిగుతుందో కళ్లతో లెక్కకట్టి, పట్టాదారుకి బయానా ఇస్తాడు. పిందె పడ్డాక రెండో కిస్తీ, కోతకి ముందు మూడోది. మధ్యలో మంచు పడితే పూత మాడుతుంది, తేనెమంచు పురుగు వస్తే మందుకొట్టాలి, ఏప్రిల్‌లో ఈదురుగాలి లేస్తే ఒక్క రాత్రిలో సగం కాయ నేలపాలు. తోటలో పాక వేసుకుని మార్చి నుంచి మే దాకా అక్కడే కాపలా. మేం పదో తరగతి పరీక్షలకు ఆ పాకలోనే చదివాం. కోసిన కాయ లారీకెత్తి విజయవాడ పక్కన నున్న మార్కెట్‌కి తోలేవాళ్లం. బంగినపల్లికి ఒక ధర, కలెక్టరు కాయకి ఒక ధర. తరుగు, కమీషను, కూలీ, కిరాయి పోగా మిగిలింది ఒక్కోసారి రంజాన్‌కి బట్టలు, ఒక్కోసారి కొత్త అప్పు. తోట పాడైనా పట్టాదారు కిస్తీ తగ్గించడు. పాపం అని తగ్గించిన పట్టాదారు మాకు తెలిసి ఒక్కడే, ఆయన కూడా మరుసటి ఏడు కలిపి తీసుకున్నాడు.

2009 వేసవిలో ఒక కోయ పెద్దమనిషి మా ఇంటికొచ్చాడు. చేతిలో బిస్కెట్ల రేకుడబ్బా. అడవి హక్కుల చట్టం కింద దరఖాస్తులు పెడుతున్న రోజులు. గూడెంలో అందరూ పాత కాగితాలు వెతుకుతున్నారు. ఆయన వాళ్ల తాతనాటి కాగితమొకటి తీశాడు. మడతల దగ్గర చిరిగింది. తహసీలు మొహరు. ఉర్దూ.

"సాయిబూ, ఇదేందో ఎవరికీ సమజ్ గావట్లే. కచేరీల సుత ఉర్దూ సదివేటోడు లేడంట. మీ పిలగాడు పేపర్ల రాస్తడు గదా, జెర సదివియ్యమను" అన్నాడు.

దాన్ని శికస్తా అంటారు. అక్షరాలు ఒకదానిలో ఒకటి విరిగి కలిసిపోయే గొలుసుకట్టు రాత. మేం చదువుకున్న ఉర్దూ పుస్తకాల ఉర్దూ. అయినా పేర్లు దొరికాయి. 1352 ఫస్లీ. దానికి 590 కలిపితే 1942. శిస్తు కట్టిన ఆసామి పేరు, వాళ్ల తాతది. ఊరి పేరు. హద్దులు: తూర్పున వాగు, పడమర బండ్లదారి, ఉత్తరాన పెద్ద ఇప్పచెట్టు. విస్తీర్ణం దగ్గర ఆగిపోయాం. అంకెలు రఖమ్‌లో ఉన్నాయి. అది పాత లెక్కగాళ్ల గుర్తుల రాత, మా తరంలో ఎవరికీ రాదు. అబ్బాకి వచ్చు. కూపు లెక్కల కోసం దాదా నేర్పాడు.

కాగితం అబ్బా చేతికి ఇవ్వకముందే మాకు అర్థమైంది. వాగు, బండ్లదారి, ఇప్పచెట్టు. ఆ చెట్టు కిందే మా పాక. ఆరేళ్లుగా అబ్బా గుత్తకు పడుతున్న తోట అదే. ఆ ఏడు బయానా ఇచ్చేసి ఉన్నాడు, రెండో కిస్తీ కూడా అయిపోయింది. కాయ చెట్టు మీద ఉంది.

మేం ఉర్దూలో, మెల్లిగా, "అబ్బా, యే అప్నే బాగ్ కా హై" అన్నాం. పెద్దమనిషి మా ముఖాలు చూస్తున్నాడు. అబ్బా కళ్లజోడు తుడుచుకున్నాడు. "జో లిఖా హై వోచ్ పఢ్" అన్నాడు. రాసి ఉన్నదే చదవమని. తర్వాత తనే అంకెలు చదివాడు, ఎకరాలు, గుంటలు, శిస్తు రూపాయలు, అణాలు. తెలుగులో పైకి చదివాడు, దొరకి వినపడేట్టు. అయిపోయాక, "దొరా, ఆ తోట మీదే" అన్నాడు.

"ఎరికే సాయిబూ. కాయితం ఏమంటదో అని" అన్నాడాయన.

ఆయనకి తెలుసు. అంతా తెలిసే ఆరేళ్లూ ఆ గట్టు మీదుగా పోతూ అబ్బాతో బీడీ పంచుకున్నాడు. ఒక్కనాడూ ఈ తోట మాది అనలేదు. అనకపోవడం మంచితనమో, చెప్పినా ఒరిగేదేమీ లేదన్న నిరాశో, ఈ సాయిబు కూడా వాళ్లలో ఒకడే అన్న లెక్కో, మేం అడగలేదు. మూడోదే అయి ఉంటుందని మా అనుమానం.

పేపర్లో పనిచేసేవాళ్లం కనక తర్వాతి సంగతి తెలుసుకున్నాం. 1954-55 ఖస్రా పహాణీలో ఆ భూమి ఒక పటేలు పేరున ఎక్కింది. పటేలు నుంచి ఒక వలస రైతు తెల్లకాగితం మీద కొన్నాడు. ఆ కాగితం మీద తేదీ 1963 కంటే ముందుది. ఏజెన్సీలో ఇలాంటి కాగితాల మీద తేదీలన్నీ దాదాపు 1963కి ముందువే. చట్టం తెలంగాణకి వర్తించకముందే కొన్నాం అని చెప్పుకోవడానికి. ఊరంతా ఒక్కసారే కలగన్నట్టు అంతా ఆ చట్టానికి ముందే కొనేసుకున్నారు! కేసు పడింది. పట్టాదారు మనుషులు అబ్బా దగ్గరకొచ్చి, ఆ కాగితం మీరు తప్పుగా చదివారని రాసివ్వండి, ఉర్దూ మీకు తప్ప ఎవరికీ రాదు కదా అన్నారు. రెండు కిస్తీలూ వాపసు ఇస్తామన్నారు. అబ్బా ఇవ్వలేదు. కాయ వాళ్లే కోసుకున్నారు. కౌలు రాతలో లేదు కాబట్టి అడగడానికి మాకు ఏ దారీ లేదు. ఆ ఏడు మా చెల్లెలి నిఖా వాయిదా పడింది.

బంధువులు అబ్బాని తిట్టారు. నువ్వేమన్నా హరిశ్చంద్రుడివా అన్నారు, ఆ పోలిక కూడా తెలుగుదే. ఇంట్లో మా మధ్య కూడా వాదన జరిగింది. మన పేదరికం వాళ్ల పేదరికం ఒకటి కాదా, ఇద్దరం కలిసి ఆసామి మీద పోట్లాడాలి కదా అని మాలో ఒకరు. ఒకటి కాదు అని ఇంకొకరు. మనకి భూమి లేదు. వాళ్లకి ఉన్న భూమి పోయింది. ఈ రెంటికీ తేడా ఉంది. మైనారిటీగా మేం అడిగేది సమానత్వం. వాళ్లు అడిగేది వాపసు. అణగారినవాళ్లమంతా ఒక్కటే అని వేదికల మీద అనేటప్పుడు ఈ తేడా మింగేస్తున్నారు, మావాళ్లు కూడా. మాకు న్యాయం జరగడమంటే ఆ తోటలో మాకు కౌలుపత్రం దొరకడమైతే, ఆ న్యాయం కోయలకి అన్యాయం. ఈ చిక్కుని మేం ఇప్పటికీ విప్పలేదు.

అడవి హక్కుల చట్టం మాబోటివాళ్లకీ ఒక తలుపు తెరిచింది. 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలో బతికినట్టు చూపిస్తే గిరిజనేతరులకూ హక్కు. 75 ఏళ్ల కాగితం! 1930 నాటిది. బట్టల మూటతో వచ్చినవాడికి, పత్తి ఏకినవాడికి ఆ కాగితం ఎవరిచ్చారు? మావాళ్లు సందూకులు తెరిచారు. నిఖానామాలు దొరికాయి, కూపు చిట్టీలు దొరికాయి. చిట్టీల్లో దుంగల లెక్కే ఉంది, మనుషుల లెక్క లేదు.

తర్వాత పామాయిలు వచ్చింది. 90లలోనే మొదలైంది గానీ అప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి. ఇప్పుడు సత్తుపల్లి దాటితే ఆకాశం కూడా ఆ మట్టల మధ్య నుంచే కనపడుతుంది. అశ్వారావుపేటలో ఫ్యాక్టరీ, మా మండలం అప్పారావుపేటలో ఇంకొకటి. 2023 డిసెంబరులో వ్యవసాయ మంత్రి అయిన తుమ్మల నాగేశ్వరరావుది మా మండలం గండుగులపల్లే. రాష్ట్రమంతా పామాయిలు వేయమని ఆయన చెప్పేది ఈ తోటలను చూపించే. తొమ్మిది మీటర్ల ఎడంతో త్రికోణంలో నాటితే ఎకరానికి 57 మొక్కలు. నాలుగో ఏట కాపు మొదలు. ఆపైన ముప్ఫై ఏళ్ల దాకా పది పదిహేను రోజులకొకసారి గెలలు కోయడమే. కోసిన గెల ఒకరోజులో ఫ్యాక్టరీ చేరాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి, ఇండోనేషియా ఎగుమతులు ఆపితే దమ్మపేటలో టన్ను గెలలు ఇరవై వేలు దాటాయి. ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఊళ్లో దానికున్న మర్యాద మాకుంటే చాలు.

పామాయిలు రైతుకి లాభం, కాదనం. కానీ అది కౌలుదారుని తోసేసే పంట. మామిడిని ఏడాదికి గుత్తకివ్వచ్చు, పొగాకుకి ఒక పంటకాలం కౌలు ఇవ్వచ్చు. ముప్ఫై ఏళ్ల చెట్టుని ఎవరు కౌలుకిస్తారు? కాపలా అక్కర్లేదు, గాలికి రాలదు, దొంగ తినడు. సబ్సిడీ పట్టాదారుకే. 2018లో వచ్చిన రైతుబంధు, 2025లో పేరు మారిన రైతుభరోసా, రెండూ పాస్‌బుక్కు ఉన్నవాడికే. మామిడితోటలు కొట్టేసి పామాయిలు వేస్తుంటే మావాళ్ల వేసవి పని పోయింది. నున్న మార్కెట్‌కి లారీ కట్టే సాయిబు దమ్మపేటలో ఇప్పుడు వెతికితే గానీ దొరకడు. వాళ్ల పిల్లలు పొడుగాటి గొట్టం చివర కొడవలి కట్టి గెలలు కోసే కూలీలు. పక్కన గూడెం పిల్లలు రాలిన పండు ఏరుతుంటారు. ఇద్దరికీ టన్నుకింత. సాయంత్రం ఒకే సెల్‌ఫోనులో పాటలు వింటారు. ఇద్దరిలో ఎవరి తాత ఎవరి తాతను మామూలు అడిగాడో వాళ్లకి తెలియదు.

అబ్బాకి ఇప్పుడు డెబ్బై దాటింది. ఆ కేసులో కింది కోర్టు ఒకలా అంది, పైవాళ్లు మళ్లీ విచారించమన్నారు. పట్టాదారు మామిడి కొట్టేసి పామాయిలు వేశాడు. ఇప్పచెట్టు మాత్రం గట్టు మీదే ఉంది. ఆ పెద్దమనిషి మూడేళ్ల కింద చనిపోయాడు. కొడుకు తిరుగుతున్నాడు. వాయిదా ఉన్నప్పుడల్లా ముందురోజు సాయంత్రం వస్తాడు. "తాతా, రేపు మళ్లీ ఉర్దూ కాయితం గురించి అడుగుతరంట" అంటాడు. అబ్బా తను తెలుగులో చేసిచ్చిన తర్జుమా నకలు తీసి, ఒక్కో అంకె మీద వేలుపెట్టి మళ్లీ చదివి వినిపిస్తాడు. పోయిన నెలలో ఆ పిల్లవాడు ఒక నోట్‌బుక్ కూడా తెచ్చుకున్నాడు. రఖమ్ అంకెలు నేర్పమన్నాడు. ఒకటి నుంచి ఇరవై దాకా అయ్యాయి.